మా చిన్నమ్మ జైల్లో ఉంది, కల్లు ఆగిపోయి మనిషి మనిషిలా లేదు. ఏం చేయాలి?

సిరి_కామారెడ్డి | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా చిన్నమ్మకు 46 ఏళ్లు, బీడీలు చుడుతుంది. పొలం గట్టు దగ్గర పాలోళ్లతో, అంటే దాయాదులతో గొడవైంది. ఒకాయన తల పగిలింది, హత్యాయత్నం కేసు పెట్టారు. శుక్రవారం రిమాండ్ చేశారు. చిన్నమ్మ చేతిలో కట్టె ఉందా లేదా అన్నది కోర్టు చూసుకుంటుంది, నేను అడిగేది అది కాదు.

ఇరవై ఏళ్లుగా ఆమె రోజూ కల్లు తాగుతుంది. పొద్దున ఒక సీసా, బీడీల చాట దించాక రెండు. మా దగ్గర దాన్ని తాగుడు అని ఎవరూ అనరు. ఈరోజు ములాఖత్‌కి వెళ్తే జాలీ అవతల ఉన్న మనిషి నన్ను గుర్తుపట్టలేదు. చేతులు ఒకటే వణుకు. ఒంటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటోంది. నిన్న రాత్రి కింద పడి కాళ్లు చేతులు కొట్టుకుందని ఆమెను పట్టుకొచ్చిన ఇంకో ఖైదీ చెప్పింది. "కొత్తగా వచ్చినోళ్లు ఇట్లనే నాటకాలు చేస్తరు" అన్నారట అక్కడి సిబ్బంది. ఏ జైలో రాయను, ఆమె ఇంకా లోపలే ఉంది.

కల్లు మానితే ఇట్లా అవుతుందా? ఎవరికి చెప్పాలి?

గోదారి గట్టు | రాత్రి 9:52

కల్లుకి ఇంత అవుతుందా అండీ? మా వైపు ఎండాకాలం తాటికల్లు తాగుతారు, సీజన్ అయిపోతే ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. వేరే జబ్బేమో చూడండి. అయినా ఆడవాళ్లు రోజూ మూడు సీసాలా?

పీజీ రెసిడెంట్ | రాత్రి 10:04

సిరి గారూ, నేను సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. ముందు పని, తర్వాత చర్చ. ఫిట్స్ వచ్చి, మనుషుల్ని గుర్తుపట్టక, లేనివి కనబడుతున్నాయంటే అది ఎమర్జెన్సీ. రేపటి ఓపీ దాకా ఆగేది కాదు. ఇప్పుడే జైలుకు ఫోన్ చేసి డ్యూటీ ఆఫీసర్‌కు ఈ మూడు మాటలు చెప్పండి: రోజూ కల్లు తాగేది, శుక్రవారం నుంచి లేదు, నిన్న ఫిట్స్ వచ్చాయి. ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలకో రాసి పెట్టుకోండి. పొద్దున్నే అదే విషయం సూపరింటెండెంట్ పేరున కాగితం మీద ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

గోదారి గారూ, మీరు చెప్పేది చెట్టు కల్లు. ఈమె తాగింది చాలావరకు మందు కల్లు అయి ఉంటుంది. డిమాండుకు సరిపడా చెట్లు లేవు. అందుకని నీళ్లలో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి సీసాల్లో పోస్తారు. మొదటి రెండూ మేం ప్రిస్క్రిప్షన్ మీద లెక్కబెట్టి ఇచ్చే మాత్రలు. ఇరవై ఏళ్లు రోజూ అవి పడ్డ మెదడుకు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ వస్తుంది. ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా దిగిపోతుంది కాబట్టి రెండో మూడో రోజుకే మొదలవుతుంది. ఆమె శుక్రవారం లోపలికి వెళ్లింది, ఆదివారం రాత్రి పడిపోయింది. సరిగ్గా సరిపోతోంది.

సిరి_కామారెడ్డి | రాత్రి 10:41

చేశాను డాక్టర్ గారూ. మొదట పెట్టేశారు. రెండోసారి ఒక మేడమ్ ఎత్తారు, రాసుకున్నామన్నారు. ఇంట్లో రెండు సీసాలు ఉన్నాయి, రేపు ఎట్లనన్నా లోపలికి పంపితే ఆగుతుందా అని మా మామ అడుగుతున్నాడు.

పీజీ రెసిడెంట్ | రాత్రి 10:44

వద్దు! అందులో ఎంత ఏం కలిసిందో కలిపినవాడికే తెలియదు. ఫిట్స్ వచ్చిన మనిషికి అది పోస్తే ఊపిరి ఆగే ప్రమాదం కూడా ఉంది. పైగా ఇంకో కేసు.

పసుపుకొమ్ము | రాత్రి 11:10

మాది నిజామాబాద్. "ఆడవాళ్లు రోజూనా" అని ఆశ్చర్యపోయిన తమ్ముడికి: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్క చూడు. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగేవాళ్లు ఆంధ్రాలో నూటికి 0.5, తెలంగాణలో 6.7. దేశం మొత్తం మీద 1.3. ఒకే భాష మాట్లాడతాం గానీ ఇందులో రెండు వేరే దేశాలం. మా అమ్మమ్మ పొలం నుంచి వచ్చి గ్లాసెడు కల్లు తాగి అన్నం తినేది. అది వేరే కల్లు, ఇప్పుడు సీసాలో వచ్చేది వేరు. పేరు మాత్రం మారలేదు.

2015లో ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లు మీద ఒక్కసారిగా పడ్డారు. మా జిల్లాలో, మెదక్‌లో, పాలమూరులో ఆస్పత్రులు నిండిపోయాయి. మెడలు వంకర పోయినవాళ్లు, బట్టలు చింపుకునేవాళ్లు. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ ఓపీ ముందు అదే దృశ్యం మళ్లీ చూశాం. సప్లై ఆగితే ఏమవుతుందో రాష్ట్రం మొత్తానికి రెండుసార్లు తెలిసొచ్చింది. మరి జైలంటే ఏంటి? ఒక మనిషికి ఒక్క గంటలో సప్లై ఆపేయడమే కదా.

నిక్కచ్చి | రాత్రి 11:32

ఎవరూ అనరు కాబట్టి నేనే అంటాను. ఒకడి తల పగలగొట్టి లోపలికి వెళ్లిన మనిషికి స్పెషల్ ట్రీట్‌మెంటా? ఇక్కడ బయట గవర్నమెంటు ఆస్పత్రిలో మా నాన్నకు మంచం దొరకలేదు. జైలు అనేది కాస్త కష్టంగానే ఉండాలి.

నల్లకోటు | రాత్రి 11:50

నిక్కచ్చి గారూ, మీ నాన్నగారికి మంచం దొరక్కపోతే మీరు ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లగలరు. లోపలున్న మనిషి తనంతట తాను తాళం తెరుచుకుని బయటికి పోలేదు కదా. తాళం ఎవరి చేతిలో ఉందో వైద్యం బాధ్యత వాళ్లదే. ఆమెకు ఇంకా శిక్ష పడలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

సిరి గారూ, మీ వకీలుతో రేపే రిమాండ్ ఇచ్చిన మెజిస్ట్రేట్ ముందు మెమో వేయించండి: వెంటనే ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించి రిపోర్టు తెప్పించమని. వకీలు లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది. ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. బెయిల్ పిటిషన్‌లోనూ ఈ విషయం రాయించండి. ఆడవాళ్లు, జబ్బున పడ్డవాళ్ల విషయంలో బెయిల్‌కు ప్రత్యేకమైన వెసులుబాటు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 480వ సెక్షన్‌లో ఉంది.

ఇంకో సంగతి, మీ కేసుకు నేరుగా పనికిరాదు గానీ చెప్పకుండా ఉండలేను. మత్తుమందుల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలో 64ఎ, 39 అని రెండు సెక్షన్లున్నాయి. కొద్ది మోతాదుతోనో, వాడుతూనో దొరికిన బానిస తనంతట తానే చికిత్సకు వెళ్తానంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ, శిక్ష పడే దశలో అయినా జైలుకు బదులు చికిత్స. కానీ మీ చిన్నమ్మ మీద ఉన్నది కొట్లాట కేసు. మత్తు ఊసే కాగితాల్లో లేదు. గంజాయితో దొరికి ఉంటే కనీసం ఎవరో ఒకరు "అలవాటుందా" అని అడిగేవాళ్లు. అదే ఆల్ప్రాజోలం 100 గ్రాములు దాటి దొరికితే కలిపేవాడికి పదేళ్లకు తక్కువ కాదు. ఏం కలిసిందో తెలియక తాగిన మనిషి పేరు మాత్రం ఆ కాగితాల్లో ఉండదు, నిందితురాలిగానూ ఉండదు, రోగిగానూ ఉండదు.

పాత వార్డర్ | మంగళవారం ఉదయం 5:20

రాత్రంతా నిద్ర పట్టలేదు ఇది చదివాక. మహిళా వార్డర్‌గా 31 ఏళ్లు చేశాను. "నాటకం" అన్న మాట నేనూ అన్నాను, ఒప్పుకుంటున్నాను. ఆస్పత్రికి వెళ్తే బయట గాలి తగులుతుందని నటించేవాళ్లు ఉంటారు, లేరని చెప్పను. కానీ ఒకామె నాలుక కొరుక్కుని, చీర తడుపుకుని పడి ఉన్నప్పుడు తెలిసింది, అది నటనతో వచ్చేది కాదని. ఆ తర్వాత నేను ముందు నోరు, బట్టలు చూసేదాన్ని, తర్వాతే మాట.

గేటు దగ్గర కొత్తామె వస్తే ఒంటి మీద గాయాలు, గర్భం, బీపీ, షుగర్ రాస్తారు. మందు అలవాటు మగవాళ్లను అడిగినట్టు ఆడవాళ్లను అడగరు. అడిగినా "మీరు తాగుతారా?" అంటే "ఛీ, లేదమ్మా" అంటారు. నేను ప్రశ్న మార్చాను. "రోజుకు ఎన్ని సీసాలు?" అని మామూలుగా అడిగేదాన్ని. "రెండే అమ్మా" అని వెంటనే చెప్పేవాళ్లు! తలుపు అంత చిన్నది, తట్టడం తెలియాలి అంతే.

మిగతాది మనుషుల చేతుల్లో లేదు. దేశంలో ఖైదీల్లో ఆడవాళ్లు నూటికి నలుగురు. అందుకని చాలాచోట్ల మహిళా బ్యారక్ అంటే మగవాళ్ల జైలుకు తగిలించిన ఒక ముక్క. చంచల్‌గూడలాంటి చోట విడిగా మహిళా జైలుంది సరే, జిల్లాల సంగతి చెబుతున్నా. డాక్టరు గది అటువైపు. డీఅడిక్షన్ అని బోర్డు పెట్టినా అటువైపే. రాత్రి ఆస్పత్రికి పంపాలంటే ఎస్కార్ట్ కావాలి, ఎస్కార్ట్‌లో ఆడ పోలీసులు ఉండాలి. వాళ్లు దొరికేసరికి తెల్లవారుతుంది. సిరీ, నువ్వు కాగితం ఇవ్వడానికి పది గంటలకు కాదు, లాకప్ తీసే వేళకే వెళ్లు. పగటి డ్యూటీలో ఎస్కార్ట్ దొరుకుతుంది.

సిరి_కామారెడ్డి | మంగళవారం మధ్యాహ్నం 2:15

వెళ్లాను అమ్మా. కాగితం తీసుకున్నారు, ముద్ర వేశారు. పదకొండున్నరకు జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లారు. మంచానికి ఒక చేతిని కట్టేసి ఉంచారు, చూడలేకపోయాను. ఇంజెక్షన్ ఇచ్చాక పడుకుంది. డాక్టరు నన్ను అడిగిన మొదటి మాట "ఏ కల్లు డిపో?" అని. ఆయనకు తెలుసు.

పీజీ రెసిడెంట్ | మంగళవారం సాయంత్రం 6:30

చాలా మంచి వార్త. ఇక ఏం జరుగుతుందో చెబుతాను, భయపడకుండా ఉంటారు. అదే కుటుంబానికి చెందిన, నెమ్మదిగా దిగే మందు ఇస్తారు, డైజిపాం లాంటిది. మళ్లీ అలవాటు చేస్తున్నారని అనుకోవద్దు. మేడ మీంచి దూకించకుండా మెట్ల మీదుగా దింపడం అది. మోతాదు వారాల తరబడి తగ్గిస్తారు. థయమిన్ అనే బీ1 విటమిన్ కూడా ఇస్తారు, తిండి లేకుండా తాగినవాళ్లలో మతి పోకుండా కాపాడేది అదే. మధ్యలో ఆపితే మళ్లీ ఫిట్స్. డిశ్చార్జ్ చీటీ మీద తగ్గించే లెక్క తేదీలతో రాయమనండి, ఆ చీటీ జైలు మెడికల్ ఆఫీసర్ చేతికి చేరిందా చూసుకోండి. ఆస్పత్రికీ జైలుకీ మధ్య పోయేది మందు కాదు, చీటీ.

చట్టం సంగతి నల్లకోటు గారు చెప్పారు, నా వైపు ముక్క ఒకటి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మానసిక వ్యాధి నిర్వచనంలోనే మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితులు ఉన్నాయి. దాని కింద 2018లో వచ్చిన నియమాల ప్రకారం జైల్లోకి వచ్చే ప్రతి ఒక్కరినీ మత్తు అలవాటు గురించి ప్రశ్నావళితో అడగాలి, మూత్ర పరీక్ష చేయాలి. రాష్ట్రానికి కనీసం ఒక జైల్లో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలి. ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాల్లో పదిహేనోది అచ్చంగా దీని గురించే: మహిళా ఖైదీలకు విడిగా చికిత్స ఉండాలి, వాళ్లు అంతకుముందు పడ్డ హింసను, గర్భిణులను, పిల్లల తల్లులను లెక్కలోకి తీసుకోవాలి. కాగితం మీద మనకు లోటు లేదు.

నిక్కచ్చి | మంగళవారం రాత్రి 8:02

విడిగా ఎందుకు? మందు మగవాడికైనా ఆడదానికైనా మందే కదా. నిజంగానే అడుగుతున్నా, గొడవకు కాదు.

పేరెందుకులే | మంగళవారం రాత్రి 9:15

నేను చెప్తా అన్నా. గుడుంబా కేసులో ఏడు నెలలు లోపలున్నా. అమ్మేదాన్ని, తాగేదాన్ని. ఏ ఊరు, ఏ సంవత్సరం అడగొద్దు.

నా కొడుక్కు అప్పుడు మూడేళ్లు, నాతోపాటే లోపలికి వచ్చాడు. ఆరేళ్లదాకా తల్లి దగ్గర ఉండనిస్తారు. గేటు దగ్గర అడిగారు, తాగుతావా అని. లేదన్నా. ఎందుకన్నా? తాగుబోతు తల్లి అని రాస్తే పిలగాణ్ణి తీసుకుపోయి ఎక్కడో హోంలో వేస్తారని. ఎవరూ అట్లా అనలేదు, నాకు నేనే అనుకున్నా. రెండు రాత్రులు చెమటలు, వాంతులు. పక్కన ఉన్న ముసలామె నా నోట్లో చక్కెర నీళ్లు పోసింది, పిలగాణ్ణి తన పక్కలో వేసుకుంది. నా డీఅడిక్షన్ సెంటర్ ఆమెనే.

తర్వాత ఒక కౌన్సిలర్ మేడమ్ వారానికొకసారి వచ్చేది. మంచిదే పాపం. అందరినీ వరండాలో కూర్చోబెట్టి "ఎందుకు మొదలుపెట్టారో చెప్పండి" అనేది. వెనకాల వార్డర్, ముందర నా ఊరి ఆడవాళ్లిద్దరు. మొగుడు కొడితే నొప్పి తెలియకుండా తాగడం మొదలుపెట్టానని వాళ్ల ముందు ఎట్లా చెప్పను? ఒళ్లు నొప్పులకు అని చెప్పిన. అందరం ఒళ్లు నొప్పులకే తాగినం ఆ వరండాలో! ఒక రోజు ఆ మేడమ్ నన్ను ఒక్కదాన్నే సామాన్ల గదిలోకి పిలిచి, బస్తాల మీద కూర్చుని, ఏమీ అడగకుండా పల్లీలు ఇచ్చింది. ఆరోజు చెప్పిన, గంటన్నర.

మందు ఒకటే అన్నా. దాని దగ్గరికి వచ్చిన తొవ్వ వేరు.

నిక్కచ్చి | మంగళవారం రాత్రి 9:31

సరే అక్కా. అర్థమైంది.

గోదారి గట్టు | మంగళవారం రాత్రి 9:40

పేరెందుకులే గారూ, బయటికి వచ్చాక ఏమైంది? మానేశారా?

పేరెందుకులే | మంగళవారం రాత్రి 10:20

ఏడు నెలలు చుక్క లేదు కాబట్టి మానేశాననే అనుకున్నా. బెయిల్ కాగితం సాయంత్రం వచ్చింది, చీకటి పడ్డాక గేటు బయట పెట్టారు. చేతిలో సంచి, చంకలో పిలగాడు, మందుల చీటీ ఏం లేదు. ఇంటికి పోయేసరికి మా ఆయన సంబరంగా సీసా తెచ్చి పెట్టిండు. పాత లెక్కనే తాగిన. పొద్దున్న లేవలేదు, పక్కింటోళ్లు ఆటోలో తీసుకుపోయారు. రెండేళ్లు పట్టింది మళ్లీ ఆపడానికి. ఆ లెక్క వేరే.

నైట్‌షిఫ్ట్ నర్సు | బుధవారం ఉదయం 11:05

నేను అమెరికాలో నర్సుగా చేస్తున్నా, కొన్నాళ్లు కౌంటీ జైలు క్లినిక్‌లో చేశాను. ఈ అక్క చెప్పినదాన్నే ఇక్కడ లెక్క కట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన 30 వేల మంది మీద 2007లో ఒక అధ్యయనం వచ్చింది. బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే దాదాపు 13 రెట్లు, ఓవర్‌డోస్ వల్ల అయితే 129 రెట్లు. లోపల ఉన్నన్నాళ్లూ ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మనసుకు మాత్రం పాత లెక్కే గుర్తుంటుంది.

రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం 2016లో జైళ్లలోనే మెథడోన్, బుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్ అనే మత్తు అలవాటుకు వాడే మందులు మూడూ ఇవ్వడం మొదలుపెట్టి, విడుదలయ్యాక బయట క్లినిక్‌లో కొనసాగేలా కలిపింది. ఏడాది తిరిగేసరికి విడుదలైనవాళ్లలో ఓవర్‌డోస్ చావులు 61 శాతం తగ్గాయి. ఇక్కడంతా బాగుందని కాదు, సంకెళ్లతో కాన్పు చేయించిన దేశమిది. ఆ లోపలికీ బయటికీ మధ్య వంతెన ఒక్కటి చూసి నేర్చుకోవచ్చు.

పీజీ రెసిడెంట్ | బుధవారం మధ్యాహ్నం 1:40

నర్సు గారు చెప్పినవి హెరాయిన్ లాంటి వాటికి పనికొచ్చే మందులు. మన దగ్గర తీహార్‌లో 2008లో బుప్రెనార్ఫిన్ మొదలుపెట్టారు. మందు కల్లుకు అలాంటి ప్రత్యామ్నాయం లేదు, నెమ్మదిగా దింపడమే. కానీ విడుదల రోజు ప్రమాదం ఒకటే. సిరి గారూ, చిన్నమ్మ పాత మూడు సీసాలు ఇప్పుడు మోయలేదు. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి, ముఖ్యంగా ఆ మామకు.

మోడరేటర్ | బుధవారం మధ్యాహ్నం 2:00

మాత్రల మోతాదులు అడుగుతూ పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఎవరికైనా సాయం కావాలంటే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416. రెండూ ఉచితం, టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

సిరి_కామారెడ్డి | తొమ్మిది రోజుల తర్వాత, శుక్రవారం రాత్రి 8:50

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, కోర్టు చుట్టూ తిరగడమే సరిపోయింది. చిన్నమ్మ ఆస్పత్రి నుంచి ఐదో రోజు మళ్లీ జైలుకు వెళ్లింది. చీటీ నేనే జిరాక్స్ తీసి ఒకటి నా దగ్గర పెట్టుకుని, ఒకటి మెడికల్ ఆఫీసర్‌కు ఇచ్చాను. మందు రోజూ ఇస్తున్నారు. మొన్న ములాఖత్‌లో నన్ను చూసి "బీడీల పైసలు సేట్ ఇచ్చిండా?" అని అడిగింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఈరోజు బెయిల్ వచ్చింది. రేపు జామీను కాగితాలు. నల్లకోటు గారు చెప్పిన ఆస్పత్రి రిపోర్టు వకీలు పెట్టారు, జడ్జి దాన్ని చదివారట.

ఇప్పుడు టెన్షన్ వేరే. మా ఇంటి నుంచి మూడో ఇల్లు కల్లు డిపో. బీడీలు చుట్టే వరండాలో ఆడవాళ్లందరి పక్కనా సీసా ఉంటుంది. కరీంనగర్‌లో మా అక్క వాళ్లింటికి తీసుకెళ్దామంటే బావ ఊగుతున్నాడు, "జైలు నుంచి వచ్చిన మనిషి" అని.

పాత వార్డర్ | శుక్రవారం రాత్రి 9:05

మీ బావతో నేను మాట్లాడతాను, కావాలంటే. 31 ఏళ్లు అలాంటివాళ్లతోనే మాట్లాడాను. మందు తగ్గించే లెక్క ఎన్నాళ్లుంది?

సిరి_కామారెడ్డి | శుక్రవారం రాత్రి 9:11

ఇంకా ఐదు వారాలు అమ్మా. కరీంనగర్ ఆస్పత్రిలో చూపించుకోమని రాసిచ్చారు. ఆ ఐదు వారాలకే అని బావను అడుగుతాను. నంబరు మెసేజ్ చేస్తాను, మీరూ ఒక మాట చెప్పండి.

పేరెందుకులే | శుక్రవారం రాత్రి 9:30

సిరీ, రేపు ఎవరినో పంపకు, నువ్వే పో. కాగితాలు పొద్దున్నే ఇచ్చినా వదిలేది సాయంత్రమే. నిలబడే ఓపిక తెచ్చుకో. మీ మామను రానివ్వకు. గేటు బయటికి రాగానే కాళ్లు వణుకుతాయి, ఏం చేయాలో తోచదు, అప్పుడు ఎవరు ఎటు లాగితే అటు పోతాం. తినడానికి ఏదన్నా పట్టుకపో.

సిరి_కామారెడ్డి | శుక్రవారం రాత్రి 9:34

సరే అక్కా. సర్వపిండి చేస్తా, ఆమెకు ఇష్టం. అక్కడి నుంచి సీదా కరీంనగర్ బస్సే.